తరిమితే ఆగే గుండె

నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలో హైదరాబాదులో 1888లోనూ 1889లోనూ రెండు క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. క్లోరోఫారం నేరుగా గుండెను ఆపదు, శ్వాసను కనిపెట్టుకుంటే చాలునని డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాదం. 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు దాన్ని కాదన్నాయి. తేలికపాటి మత్తులో ఉండగా ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోగలదు.

పంక్చర్ సొల్యూషన్, థిన్నర్, వైట్నర్ పీల్చే పిల్లలకూ ఇదే ముప్పు. ఇవన్నీ పనికోసం అమ్మే సరుకులే. సీసాల్లో వైట్నర్ చిల్లర అమ్మకాన్ని కేంద్రం 2012లో నిషేధించింది. అయినా 2019లో వెలువడిన జాతీయ సర్వేలో పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువగా కనబడిన మత్తు ఇదొక్కటే: పెద్దల్లో 0.58 శాతం, 10–17 ఏళ్ళవారిలో 1.17 శాతం.

ఆకలినీ ఒంటరితనాన్నీ మరిపించే ఈ మత్తు నిమిషాల్లో దిగిపోతుంది. అందుకే మళ్ళీ మళ్ళీ పీలుస్తారు. అలవాటు ముదిరాక మానితే చిరాకు, నిద్రలేమి. దీన్ని పొగరనుకోవడం పొరపాటు.

మన మేట్టుపాళయం బస్టాండులోనో రైలుస్టేషనులోనో అలాంటి బిడ్డ కనబడితే తరమకండి, కొట్టకండి. ఆ బెదురే ప్రాణం తీయవచ్చు. మెల్లగా పలకరించి, గాలి ఆడేచోట కూర్చోబెట్టి, 1098కి ఫోను చేయండి.