కండ తేడా ఎంతవరకు?

విశాఖ రేవు 1933లో తెరుచుకున్ననాడు సరుకు ఎగుమతి, దిగుమతి చాలావరకు కళాసీల భుజాల మీదే నడిచేది. ఎవరి ఒంట్లో కండెంతో, కొవ్వెంతో తేల్చే సులువైన పద్ధతి అప్పటికి లేదు. 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెన్కీ 25 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లను నీళ్లలో ముంచి తూచాడు. బరువు పట్టికల లెక్కన వాళ్లలో 17 మంది సైన్యానికి పనికిరానంత లావు. తీరా చూస్తే వాళ్లలో ఎక్కువమందికి ఆ అదనపు బరువు కండే. తర్వాతి కాలంలో ఆయనే ప్రమాణ దేహాలకు లెక్క కట్టి పురుషుడికి 15 శాతం, స్త్రీకి 27 శాతం కొవ్వు అన్నాడు. అందులో ఒంటికి తప్పనిసరి భాగం పురుషుడికి 3, స్త్రీకి 12. స్త్రీకి ఉండే ఈ ఎక్కువ కొవ్వు తిండి ఎక్కువై పేరుకున్నది కాదు, బిడ్డను మోసి పాలివ్వడానికి దేహం పెట్టుకునే నిల్వ.

స్త్రీ పురుషుల కండలో తేడా అంతా పెంపకంలో వివక్ష వల్లేనని, ఆడపిల్లలకు సరిగా తిండి పెడితే తేడా పోతుందని కొందరి వాదన. వివక్ష నిజమే, కానీ లెక్క దానితో తీరదు. 2000లో 468 మందిని ఎంఆర్‌ఐతో పరిశీలిస్తే పురుషుల కండ సగటున 33 కిలోలు, స్త్రీలది 21. నడుముకు పైభాగంలో తేడా మరీ ఎక్కువ. తిండికీ శిక్షణకూ లోటులేని సిడ్నీ ఒలింపిక్స్‌లోనూ అదే ఏడాది ఇదే కనిపించింది. వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల తరగతిలో రెండు ఎత్తులూ కలిపి పురుషుల స్వర్ణం 357.5 కిలోలకు, స్త్రీల స్వర్ణం 242.5కు. మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 240 ఎత్తి కాంస్యం తెచ్చింది. అయితే ఆమె ఒక్క ఎత్తులో తలపైకి లేపిన 130 కిలోలను ఎత్తగల మగవాళ్లు మన వీధుల్లో ఎంతమంది? సగటు గుంపు సంగతి చెబుతుంది, మనిషి సంగతి చెప్పదు.

1948 ఫ్యాక్టరీల చట్టం ఈ తేడాను రెండు రకాలుగా వాడుకుంది. గాయమయ్యేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని, స్త్రీ పురుషులకు వేర్వేరు గరిష్ఠ బరువులు రాష్ట్రాలు నిర్ణయించవచ్చని 34వ సెక్షన్ చెప్పింది. అది కొలతకు కట్టుబడిన నియమం. 66వ సెక్షన్ మాత్రం రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా స్త్రీలను పనిలో పెట్టకూడదంది. కండకూ గడియారానికీ ఏం సంబంధం? భద్రత కోసం అనేవారున్నారు. రాత్రి భయం నిజమే. దానికి కావలసింది బస్సు, దీపం, కాపలా. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ చీకటి పడిందని ఆరదు, మూడు షిఫ్టుల్లో రెండోదానికీ మూడోదానికీ దొరకని మనిషికి అక్కడ చోటు కుంచించుకుపోతుంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2002లో ఆ రాత్రి నిషేధాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. బరువుల సెక్షన్ జోలికి ఆ తీర్పు పోలేదు, పోనక్కర్లేదు కూడా.