కరోనా సాయం మన చేతికి ఏ దారిన వచ్చింది?

ఫరీజ్ బిన్ మహమూద్ గదుల్లో ఉన్న మనం 2020 మార్చిని మరచిపోలేం. ఆ నెలలో ఖతర్ ప్రభుత్వం ప్రైవేటు రంగానికి 7,500 కోట్ల రియాళ్ల సాయం ప్రకటించింది. హోటళ్లకు, దుకాణాలకు, చిన్న పరిశ్రమలకు ఆరు నెలల కరెంటు, నీటి బిల్లులు మాఫీ చేసింది. కంపెనీలు జీతాలు, అద్దెలు కట్టేందుకు తీసుకునే అప్పులకు 300 కోట్ల రియాళ్ల హామీ ఇచ్చింది.

కానీ ఆ సాయమంతా యజమాని పేర వచ్చింది. జీతం ఖాతాలో పడితేనే అది మనదాకా చేరినట్టు. జీతం ఆగినవారికి, రోజుకూలీలకు సంఘాలే దిక్కయ్యాయి. 1984లో భారత ఎంబసీ అండన మొదలైన ఐసీబీఎఫ్ వంటివి సరుకుల కిట్లు పంచాయి.

సోదరులారా, 2015 నుంచి జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న నియమం ఉంది. పే స్లిప్పులు భద్రంగా దాచుకుందాం. కష్టకాలంలో మన లెక్కే మనకు సాక్ష్యం.