సువ్వి పాట మోసిన బరువు

ఒత్తిడి తగ్గడానికి ఇవాళ వినిపించే సలహాలు చాలావరకు మనిషిని ఒంటరిగా కూర్చోబెడతాయి. కళ్ళు మూసుకో, ఊపిరి మీద ధ్యాస పెట్టు, ఫోను పక్కన పెట్టు, నీ మనసును నువ్వే చక్కబెట్టుకో అంటాయి. ఈ సలహాల్లో తప్పేమీ లేదు. కానీ ఒత్తిడిని ఎవరికి వారే తీర్చుకోవలసిన సొంత అప్పులా చూడటం మనకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు కాదు. తెలుగు పల్లెల్లో వడ్లు దంచిన ఆడవాళ్ళ చరిత్ర ఇంకో సంగతి చెబుతుంది. ఒంటి అలసటనూ మనసులోని దిగులునూ నలుగురూ కలిసి మోసే ఏర్పాటు అక్కడ పనిలోనే ఇమిడి ఉండేది. ఆ ఏర్పాటే దంపుళ్ళ పాట.

ఒక రోటి దగ్గర ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు నిలబడి దంచేవారు. రోకలి చివర ఇనప పొన్ను ఉంటుంది. ఒకరి రోకలి లేచే వేళకు ఇంకొకరిది దిగాలి. అదను తప్పితే రోకళ్ళు ఒకదానికొకటి తగులుతాయి, వడ్లు చెదిరిపోతాయి. ఆ అదను చూసేది పాటే. పోటు పడినప్పుడల్లా 'అహుం' అంటూ ఊపిరి బయటికి వస్తుంది, రోకలి లేస్తుంటే మళ్ళీ లోపలికి పోతుంది. ఇవాళ తరగతులు పెట్టి నేర్పే శ్వాస క్రమం అక్కడ చేతి పనిలోంచి దానంతటదే పుట్టేది. ఇదేమీ నిన్నమొన్నటి ముచ్చట కాదు. దంపుళ్ళ పాటకే సువ్వి పాట అని ఇంకో పేరు; 15వ శతాబ్దంలో అన్నమయ్య వేంకటేశ్వరుడి మీద సువ్వి పాటలు కట్టాడు. ఇంటింటి పెరట్లో వినిపించే లయ కాకపోతే భక్తిని ఆ వరసలో చెప్పవలసిన అవసరమే ఉండదు. అంటే ఐదు వందల ఏళ్ళ కిందటికే ఆ పాట జనానికి బాగా అలవాటైనదన్నమాట.

లయ ఒంటికి ఊరటనిస్తే, పాటలోని కథ మనసుకు ఊరటనిచ్చింది. ఆడవాళ్ళు పాడుకున్న రామాయణ పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర ఒకటి. అన్న వెంట అడవికి వెళ్ళిన భర్త కోసం ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రలో గడుపుతుంది. లక్ష్మణుడు తిరిగొచ్చి పడకగదిలో అడుగుపెడితే, గుర్తుపట్టక, పరాయి మగవాడనుకుని గట్టిగా మందలిస్తుంది. తనను మరిచిన మొగుణ్ణి నిలదీయలేని ఇల్లాలు ఆ మాటలను ఊర్మిళ నోట పలికించింది. స్త్రీల రామాయణ పాటలను పరిశీలించిన వెల్చేరు నారాయణరావు, వాటిలో ఆడవాళ్ళు తమ ఇంటి బతుకునూ తమ అసమ్మతినీ చెప్పుకున్నారని చూపించారు. తోటి ఆడవాళ్ళు గొంతు కలిపి పాడుతుంటే, ఒక్కరి దిగులు అందరికీ తెలిసిన కథ అయ్యేది. పేరు పెట్టి ఎవరినీ అనకుండానే గుండె బరువు దిగేది.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. పాట కష్టాన్ని మరిపించిందంటే, ఆ కష్టం పెట్టినవాడికి మేలు చేసినట్టే కదా? పాడుతూ వంగిన నడుము ఎక్కువసేపు వంగే ఉంటుంది. ఈ మాటలో నిజం ఉంది, దాన్ని దాటవేయకూడదు. కానీ చరిత్ర అక్కడితో ఆగలేదు. 1940ల్లో తెలంగాణలో వెట్టిచాకిరీ మీద జనం తిరగబడినప్పుడు, సుద్దాల హనుమంతు, బండి యాదగిరి లాంటి వాళ్ళు జానపద బాణీల్లోనే పాటలు కట్టారు. పని దగ్గర గొంతులు కలిపిన అలవాటే సభలోనూ ఊరేగింపులోనూ గొంతులు కలిపింది. పాట బాధను చల్లార్చే మందు మాత్రమే అయితే ఇది జరిగేది కాదు. నా బాధ నా ఒక్కదానిదే కాదని తెలియడం ఊరటకు ఎంత అవసరమో తిరుగుబాటుకూ అంతే అవసరం.

ఇంకో ఆక్షేపణ మరీ న్యాయమైనది. బియ్యం మిల్లు వచ్చి ఆడవాళ్ళ భుజాలను కాపాడింది, దానికి ఏడవడమెందుకు అంటారు. నిజమే, రోకలి బరువు తిరిగి రావాలని ఏ మనసున్న మనిషీ కోరడు. దంపుడు కూలి మీద బతికిన పేదరాళ్ళకు మాత్రం అదే మిల్లు కూడు తీసేసింది. అందుకే 1934లో గాంధీ ప్రారంభించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యాన్ని ప్రచారం చేసింది. తవుడు పొర పోని బియ్యంలోని బలాన్నీ, పల్లెలో నిలిచే కూలినీ గుర్తుచేసింది. 1958లో కేంద్రం బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం తెచ్చినప్పుడు చేతి దంపుడు బతుకుతెరువు కూడా లెక్కలోకి వచ్చింది. 1997లో ఆ చట్టమూ రద్దయింది. ఈ వాదనలన్నిటిలో బియ్యం ఉంది, తవుడు ఉంది, కూలి ఉంది. రోటికి అవతల నిలబడి పాటందుకున్న మనిషి ఊసు లేదు. యంత్రం వచ్చినా ఆ తోడు నిలిచే వీలు వెతకవచ్చునన్న ఆలోచనా వాటిలో కనబడదు.

ఈ చరిత్ర మనల్ని రోలు తెచ్చుకోమనడం లేదు. కుట్టు మిషన్ల వరసలోనైనా, కంప్యూటర్ల ముందైనా పక్కవారితో మాట కలిపే తీరిక పనివేళల్లోనే ఉండాలని చెబుతోంది. కలిసి తినే భోజన విరామం, పని భారం గురించి బెదురు లేకుండా చెప్పుకునే చోటు, ఒకరు అలసినప్పుడు ఇంకొకరు అందుకునే వీలు యజమాని ఏర్పాటు చేయవలసినవి. అవేవీ లేని చోట ఊపిరి పీల్చి వదలమని ఉద్యోగికి చెప్పడం, రోటి దగ్గర ఒకరినే నిలబెట్టి ఇద్దరి పాట పాడమనడమే.