ముడుమాల్‌లో కాలికి తగిలే రాయి

డిసెంబరు 22, తెల్లవారుజామున అయిదు గంటలు. నారాయణపేట జిల్లా ముడుమాల్ ఊరు దాటి చేనుగట్టు మీద నడుస్తున్నారు మీరు. దక్షిణాన కృష్ణానది ఉంది. కనపడదు, గాలిలో తడివాసన మాత్రం వస్తోంది. మొదట మీ కాలికి తగిలేది మీరు చూడవచ్చిన నిలువురాయి కాదు, మోకాలెత్తయినా లేని చిన్నరాయి. విసుక్కోకండి. దాని పక్కన ఇంకొకటి, ఆ వెనక మరొకటి.

టార్చి ఆర్పండి. కళ్లు చీకటికి అలవాటుపడేకొద్దీ, జాతరలో జనం ఆగి నిలబడ్డట్టు నల్లటి ఆకారాలు తేలతాయి. ఒక్కోటి పది నుంచి పద్నాలుగు అడుగులు. ఒకదానికి అరచెయ్యి ఆనించండి. చల్లగా, గరుకుగా ఉంటుంది. దీన్ని పాతి మూడున్నర వేల ఏళ్లయినా అయి ఉంటుందని అంచనా.

ఉత్తరానికి తిరగండి. సప్తర్షి మండలం ఈ వేళకు బాగా పైకి వచ్చి ఉంటుంది. ముందున్న రెండు చుక్కలను కలుపుతూ చూపును కిందికి దించితే ధ్రువనక్షత్రం దగ్గర ఆగుతుంది. ఇక్కడే ఒక రాతి మీద చిన్నచిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. వాటిలో ఉన్నది ఈ ఏడు చుక్కలేనని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు గుర్తించారు. ఆకాశంలో చూసినదాన్ని రాతిలో దాచుకోవాలనిపించిన ఆ మనిషి నాకు చాలా దగ్గరివాడనిపిస్తాడు.

తూర్పు ఎరుపెక్కింది. సూర్యుడు సూటిగా తూర్పున కాదు, బాగా దక్షిణానికి జరిగి పైకొస్తున్నాడు. ఏడాదిలో ఇంతకంటే అటు పోడు. అయనాలు మారే రోజుల్లోనూ, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లోనూ ఉదయాస్తమయాలకు ఇక్కడి వరసల్లో కొన్ని సూటిగా నిలుస్తాయని పరిశోధకులు తేల్చారు. ఎంత పెద్దదైనా ఒంటిరాయి దిక్కు చెప్పలేదు. దానికి తోడు ఇంకో రాయి కావాలి. సుమారు 80 ఎకరాల్లో 80 దాకా నిలువురాళ్లుంటే, చిన్నవి మూడు వేల వరకూ ఉండటం అందుకే నాకు ముఖ్యమనిపిస్తుంది.

"తిమ్మప్పకు మొక్కిన్రా సార్?" చేనుకు పోతున్న రైతు అడుగుతాడు. ఒక రాయి ఊరికి తిమ్మప్ప, ఇంకొకటి ఎల్లమ్మ. పూజలందుకునే రాయిని ఎవరూ పెకలించరు. చిన్నరాళ్లకు ఆ రక్ష లేదు. సాగుకు అడ్డమైతే గట్టు మీదికి చేరతాయి.

2025లో ముడుమాల్ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. చూడటానికి తప్పక వెళ్లండి. కాలికి తగిలిన రాయిని మాత్రం అంగుళమైనా జరపకండి.