మూడింట రెండు అంటే టూ థర్డ్స్

'వీసమెత్తు అనుమానం లేదు' అంటూ ఉంటాం. ఆ వీసం ఎంతో మీ పిల్లలకు చెప్పారా? పదహారో వంతు. రూపాయికి పదహారణాలున్న కాలంలో అర, పావు, వీసం అందరి నోటా ఆడేవి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలయ్యాయి. 2011 జూన్ తరువాత పావలా కూడా చెల్లకుండా పోయింది. అర, పావు తప్ప మిగతా భిన్నాలు ఇప్పుడు పిల్లలకు పుస్తకంలోనే కనిపిస్తున్నాయి, అదీ ఎక్కువగా ఇంగ్లీషులో.

కరీంనగర్, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు ప్రాంతాల నుంచి మగ్గాల పనికి భివండీ వచ్చిన మన కుటుంబాల సంగతే చూడండి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఊరంతా మరాఠీ. అలాంటి పిల్లవాణ్ణి 'మూడింట రెండు' ఇంగ్లీషులో రాయమంటే మూడు ముందు రాసి, రెండు తరువాత రాస్తాడు. తెలివి తక్కువై కాదు. తెలుగు ముందు మొత్తం వంతులు చెప్పి, ఆ తరువాత తీసుకున్నవి చెబుతుంది. ఇంగ్లీషు తీసుకున్నవే ముందు చెబుతుంది. మరాఠీ కూడా అంతే: దోన్ తృతీయాంశ్. తృతీయాంశ్ అంటే మూడో భాగం. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు 'మూడో భాగం' అనే అనేవారు. భాగం జారిపోయి థర్డ్ మిగిలింది. అందుకే రెండు భాగాలైతే చివర ఎస్ చేరి టూ థర్డ్స్ అవుతుంది. సగానికి, పావుకు మాత్రం తెలుగులో లాగే విడి మాటలున్నాయి: హాఫ్, క్వార్టర్.

లవం పైన, హారం కింద రాయడం మన ప్రాచీన గణితజ్ఞుల పద్ధతే. మధ్య గీత మాత్రం అరబ్బు గణితం నుంచి వచ్చింది. ఇటలీవాడైన ఫిబొనాచ్చి 1202లో రాసిన గ్రంథంలో ఆ గీతను వాడాడు.

అంకెలుండగా అక్షరాలెందుకు అంటారా? మీటరు లెక్కన కూలి కట్టేచోట మూడున్నర అని చీటీలో రాస్తూ, మూడు పక్కనే ఒకటి బై రెండు ఇరికిస్తే అది 31/2గా కనిపిస్తుంది. అంటే పదిహేనున్నర! అదే త్రీ అండ్ ఎ హాఫ్ అని అక్షరాల్లో రాస్తే తేడా రాదు. మూడున్నరలోగానీ, హిందీ సాఢేతీన్‌లోగానీ 'ఒక' అనే మాట లేదు కనుక మనవాళ్లు ఆ 'ఎ'ను వదిలేస్తారు. అది మరవకండి.

చట్టం కూడా అక్షరాల పక్షమే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, చెక్కులో అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుంది.

కాబట్టి ఇంగ్లీషు భిన్నం దగ్గర పిల్లవాడు తడబడితే కసరకండి. ముందు తెలుగులో చెప్పించండి, తరువాత మరాఠీలో. ఆ రెండూ పక్కపక్కన పెడితే ఇంగ్లీషు మాట వాడికే దొరుకుతుంది.