వడమాలపేట ఆడపిల్ల, రష్యన్ చదువు

మా వంటింటి గోడకి మసి అంటకుండా అమ్మ 'సోవియట్ భూమి' కాగితాలు అంటించేది. నున్నటి కాగితం, తడిగుడ్డతో తుడిస్తే మెరిసేది. ట్రాక్టరు మీద కూర్చుని నవ్వుతున్న ఒక ఆడమనిషి బొమ్మ మా పొయ్యి వెనకాల ఏళ్ళ తరబడి ఉండిపోయింది. "పాపం, ఈమెకీ ఎండ తప్పలా" అనేది అమ్మ.

వడమాలపేట తిరుపతి నుంచి మద్రాసు పోయే రోడ్డు మీద, పుత్తూరుకి ఇవతల ఉంటుంది. అప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. నాయన ఎలిమెంటరీ స్కూలు టీచరు. జీతాల రోజు తిరుపతికి పోతే విశాలాంధ్ర షాపులో రెండు పుస్తకాలైనా కొనకుండా వచ్చేవాడు కాదు. అవి మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు. మొదట ప్రగతి ప్రచురణాలయం, 1982 తర్వాత రాదుగ. గట్టి అట్టలు, చవక ధర. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్ లాంటివాళ్ళు అనువాదాలు చేశారు. లక్ష్మణరావు ఏళ్ళ తరబడి మాస్కోలోనే ఉండి ఈ పని చేశారు. భార్యాభర్తల డైరీల రూపంలో 'అతడు-ఆమె' నవల రాసిన లక్ష్మణరావే ఆయన. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను మళ్ళీ మళ్ళీ చదివింది ఐత్‌మాతోవ్ 'తొలి ఉపాధ్యాయుడు'. కిర్గిజ్ పల్లెలో ఆల్తినాయ్ అనే అనాథ పిల్ల. పిన్ని ఆమెని ఒకడికి రెండో పెళ్ళాంగా అమ్మేస్తుంది. అరకొర చదువుతో బడి పెట్టిన దూయిషేన్ ఆమెని విడిపించి పట్నం చదువుకి పంపిస్తాడు. ఆ పిల్ల చివరికి పెద్ద విద్వాంసురాలవుతుంది. ఆ కథ చదివి రష్యన్ నేర్చుకోవాలనుకున్నానని చెప్తే వినడానికి బాగుంటుంది గానీ, అబద్ధం. లెక్క వేసింది నాయన. హైదరాబాదు ఐడీపీఎల్ సోవియట్ సాయంతో వచ్చింది. విశాఖ ఉక్కు కూడా వాళ్ళ సాయంతోనే కడుతున్నారు. దుబాసీలు కావాలి కదా అని ఆయన ఆశ. హైదరాబాదులో రష్యన్‌కి అప్పటికే చోటుంది. 1958లో ఇంగ్లీషు కోసం పెట్టిన కేంద్ర సంస్థ 1972లో విదేశీ భాషల్ని కూడా కలుపుకుని సీఫెల్ అయింది. ఇప్పుడు దాన్నే ఇఫ్లూ అంటున్నాం. నేను చేరింది ఆ ఊళ్ళోనే ఇంకో కాలేజీలో. 1988లో డిగ్రీతో పాటు రష్యన్ తీసుకున్నాను.

"ఆ బాస మాట్లాడే మొగుణ్ణి యాడ తెచ్చేది?" అంది జేజి. ఆమె ఒక్కతే ఉన్న మాట అడిగింది.

క్లాసులో నలుగురం ఆడపిల్లలం. రెండో నెలలో భూతకాలం వచ్చింది. 'నేను చదివాను' అనడానికి అబ్బాయిలు చెప్పినట్టే నేనూ "యా చితాల్" అన్నాను. మా మేడం ఆపి, "అది మగవాడి మాట. నువ్వు చితాలా అనాలి" అన్నారు. తెలుగులో 'నేను చదివాను' అన్నప్పుడు నేను ఆడో మగో ఎవరికీ అక్కర్లేదు. రష్యన్‌లో మాత్రం నిన్న నేను తిన్నా, నడిచినా, నిద్రపోయినా ఆడదాన్నని చెప్పకుండా వాక్యం పూర్తి కాదు. మొదట చిరాకేసింది. తర్వాత మన సంగతి గుర్తొచ్చింది. మన దగ్గర ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. వాడు మాత్రమే వచ్చాడు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తు అంటే ఎవరో చెప్పడానికి స్త్రీలనీ, పశుపక్ష్యాదులనీ, ప్రాణంలేని వస్తువులనీ ఒక్క గుంపుగా కట్టి పక్కన పెట్టాడు. ఇన్నేళ్ళు బళ్ళో వల్లించినా కనపడనిది, పరాయి భాష అద్దం పడితే కనిపించింది.

ఆ భాషేం తక్కువ తినలేదు. మగవాడు పెళ్ళి చేసుకోవడానికి జెనీత్సా అనే క్రియ ఉంది. భార్య అనే మాటలోంచి పుట్టింది. ఆడదానికి వేరే మాట, 'వీయ్‌తి జాముష్'. విడగొడితే మొగుడి వెనక్కి వెళ్ళడం అని వస్తుంది. డాక్టరు అనే మాట అక్కడ పుంలింగం. కవికి స్త్రీలింగం ఉంది గానీ, ఆ మాటతో పిలిస్తే అఖ్మతోవాకి నచ్చేది కాదు, కవి అనే అనిపించుకోవాలనుకుంది. మనం 'కవయిత్రి' మీద పోట్లాడుకున్నవన్నీ అక్కడ ఎప్పుడో జరిగాయి.

పాఠ్యపుస్తకాల్లో 1963లో అంతరిక్షంలోకి వెళ్ళిన తెరష్కోవా ఉంది. లైబ్రరీలో పాత 'నోవీ మీర్' సంచిక ఒకటి దొరికింది. 1969 నాటిది. అందులో నతాలియా బరాన్స్కయా రాసిన పెద్ద కథ, 'మామూలు వారం' లాంటి పేరు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నెలన్నర చదివాను. ఓల్గా లేబరేటరీలో సైంటిస్టు, ఇద్దరు పిల్లలు. జనాభా లెక్కల వాళ్ళు ప్రశ్నాపత్రం ఇస్తారు. ఇంటిపనికి ఎన్ని గంటలు, పిల్లలకి ఎన్ని, విశ్రాంతికి ఎన్ని? వారమంతా బస్సు వెంట, క్యూల వెంట, ఉతుకుడు వెంట పరిగెత్తే ఆ మనిషికి ఆ కాగితం నింపడానికే టైముండదు. చివరికి ఉద్యోగం మానెయ్యచ్చు కదా అంటాడు మొగుడు. మా గోడ మీద ట్రాక్టరామె ఇంటికెళ్ళి ఏం చేసేదో అప్పుడు అర్థమైంది. మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాల్లో పనిచేసే స్త్రీలని బోలెడు మందిని చూశాను. ఓల్గా మాత్రం మా ఇంటికి రాలేదు. ఆ పుస్తకాలకి నేను రుణపడి ఉన్నాను, ఈ ఫిర్యాదు కూడా ఉంది.

ఇంకో పుస్తకం గురించి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యంలో దాదాపు 8 లక్షల మంది స్త్రీలు పనిచేశారు. తుపాకులు కాల్చారు, విమానాలు నడిపారు, గాయపడ్డవాళ్ళని వీపుల మీద మోశారు. స్వెత్లానా అలెక్సియేవిచ్ టేపురికార్డరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వాళ్ళ మాటలు రికార్డు చేసింది. 1985లో అది పుస్తకమైంది. 2015లో ఆమెకి నోబెల్ వచ్చాక అందరికీ తెలిసింది. 1986లో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో తిరిగిన స్త్రీల మాటలు, వాళ్ళ గొంతులతోనే. ఏడాది తేడా. రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. రెండిట్లోనూ పోరాటం అయిపోగానే ఇంటికి పొమ్మన్నారు. రెండిట్లోనూ ఊళ్ళో వాళ్ళు, అన్నేళ్ళు మగవాళ్ళ మధ్య తిరిగొచ్చింది అని వంకరగా చూశారు. ఒకచోట గెలిచిన సైన్యం, ఇంకోచోట విరమించిన పోరాటం. ఆడవాళ్ళకి దక్కింది మాత్రం ఒకటే.

1991 డిసెంబరు 25న గోర్బచేవ్ దిగిపోయాడు. నాయన రేడియో కట్టేసి బయటికి వెళ్ళిపోయాడు. మాస్కో తెలుగు పుస్తకాలు ఆగిపోయాయి. దుబాసీల ఉద్యోగాలూ పోయాయి. నేను అప్పటిదాకా ఎవరితోనూ చెప్పని లెక్క ఒకటి అప్పుడు పైకి తేలింది. నా హాస్టలు ఖర్చు కోసం 1990లో చెల్లెల్ని ఇంటర్ మధ్యలో మాన్పించారు. మరుసటేడు పెళ్ళి చేశారు. దేశాలు కూలితే నాకు చదువైనా మిగిలింది. దానికి అదీ లేదు. చాలాకాలం ట్యూషన్లు చెప్పుకుని, తర్వాత రష్యాకి మందులు ఎగుమతి చేసేవాళ్ళకి చీటీలు అనువదిస్తూ బతికాను. నాయన లెక్క తప్పలేదనుకోవాలి, పదిహేనేళ్ళు ఆలస్యమైంది.

2019లో చెల్లెలి చిన్నకూతురు ఎం.బి.బి.ఎస్.కి రష్యా వెళ్తానంది. వేసవిలో వడమాలపేటలో పదిరోజులు దానికి అక్షరాలు నేర్పించాను. ఫోనులో ముందే కొంత నేర్చుకుంది, నా ఉచ్చారణకి వంకలు పెట్టింది కూడా. చెల్లెలు పక్కన కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. భూతకాలం రోజు చేటలోంచి తలెత్తి, "అక్కా, సదువు మానేసినాను అని ఎట్టంటారు?" అంది.

"యా బ్రోసిలా ఉచీత్సా."

"ఆ 'లా' నేనేనా?"

అవునన్నాను. బ్రోసిలా అంటే పారేశాను అని కూడా వస్తుందని చెప్పాను. చెల్లెలు కాసేపు ఒలవడం ఆపింది.

"నేనేడ పారేసినా? మాన్పిస్తిరి గదా."

దానికి రష్యన్‌లో వేరే వాక్యం ఉంది. "మ్న్యే నె దాలి ఉచీత్సా." నన్ను చదువుకోనివ్వలేదు. ఎవరో చెప్పక్కర్లేదు, బహువచనం చాలు. చేసింది తను కాదు కాబట్టి అందులో 'లా' రాదు. పిల్ల తన నోటుబుక్కులో రాసుకుని, వాళ్ళమ్మకి చూపించి, కింద తెలుగులో కూడా రాసింది. చెల్లెలు దాన్ని రెండుసార్లు పైకి చదివింది, నన్ను చూడకుండా.