బోల్తాపడే విద్య

మొన్న ఆదివారం మా అక్క కూతురు బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, "పిన్నీ, నేను కయాకింగ్ నేర్చుకుంటున్నా. అందులోనూ ఫ్రీస్టైల్!" అంది.

అదేమిటే తల్లీ అన్నాను. ఒక్క మనిషి పట్టే పొట్టి పడవలో కాళ్ళు చాపుకు కూర్చుని, నీళ్ళు లోపలికి రాకుండా నడుం చుట్టూ బిగించుకుని, ఉరవడిగా పారే ఏటిలో ఒకే అల మీద గిరగిరా తిరగడం, పల్టీలు కొట్టడమట. పోటీలో ఒక్కో విడతకి 45 సెకన్లు. చేసిన విన్యాసాలను బట్టి మార్కులు.

"మరి ఇప్పుడేం నేర్పుతున్నారు?"

"బోల్తాపడటం!"

ఆ సాయంత్రమే గుంటూరు నుంచి అక్క ఫోను. "నువ్వు చెబితే వింటుందే. పత్తి చేలూ మిరప కల్లాలూ చూసి పెరిగిన పిల్లకి పడవలేమిటి?" అని. సరే, మందలించే ముందు సంగతేమిటో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాను. చెప్పొద్దూ, అదే నేను చేసిన పొరపాటు!

కయాక్ ఆటకోసం పుట్టింది కాదు. గ్రీన్లాండ్ లాంటి మంచుసీమల్లో ఇన్యూట్ జాతివాళ్ళు సీలు జంతువుల వేటకు చేసుకున్న పడవ అది. కొయ్య చట్రం మీద సీలు తోలు కప్పి కుట్టేవారు. అక్కడి నీళ్ళలో పడవ విడిచిపెట్టినవాణ్ణి చలే చంపేస్తుంది. అందుకని పడవ తిరగబడితే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే తెడ్డు వేసి, నడుం విసిరి మళ్ళీ పైకి లేవడం నేర్చుకున్నారు. ఆ విద్య గురించి చదివి, తనంతట తానే సాధనచేసి 1927లో పట్టుబడేలా చేసుకున్నాడు ఆస్ట్రియా దేశస్థుడు ఎడీ పవ్లాటా. గినో వాట్కిన్స్ అనే ఇంగ్లీషు యువకుడు గ్రీన్లాండు వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాడు. 1932లో, పాతికేళ్ళ వయసులో, ఒంటరిగా వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఖాళీ పడవ మాత్రం దొరికింది. విద్య వచ్చినవాడు కూడా నీళ్ళమీదికి ఒంటరిగా వెళ్ళరాదన్నమాట.

1970ల్లో రాళ్ళకు కొట్టుకున్నా అంత తేలిగ్గా పగలని ప్లాస్టిక్ పడవలు వచ్చాక ఏటి అలల్లో ఆటలు జోరందుకున్నాయి. 2007లో అంతర్జాతీయ కనో సమాఖ్య తన పేరుమీద మొదటి ఫ్రీస్టైల్ ప్రపంచ పోటీలు కెనడాలోని ఒట్టావాలో జరిపింది.

ఇదంతా ఒక ఎత్తు. నన్ను పట్టుకున్నది మరొకటి. కయాక్ తోలును చుక్క నీరు చొరకుండా కుట్టింది ఆడవాళ్ళు. వేటకు వెళ్ళినవాడి ప్రాణం ఆ కుట్టులోనే ఉండేది. కానీ అందులో కూర్చునేది మాత్రం మగవాడు. ఆడవాళ్ళూ పిల్లలూ సామానూ వెళ్ళడానికి ఉమియాక్ అని పెద్ద పడవ వేరే.

మనకు మాత్రం పడవలు లేవూ? కృష్ణలో చేపలు పట్టేవాళ్ళకి వెదురుతో అల్లి, తోలు కప్పిన పుట్టి ఉండేది. తెడ్డు కాస్త అటూ ఇటూ అయితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మా పిల్ల మార్కులకోసం చేసే పని పుట్టి ఊరికే చేసిపెట్టేది! చీరాల దగ్గర వాడరేవులో అల కొట్టి తెప్ప తిరగబడితే, జాలరి ఈది మళ్ళీ ఎక్కేవాడు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక పెరిగిన కాలువల మీదా పడవలే. కొమ్మమూరు కాలువ సీతానగరం నుంచి పెదగంజాం దాకా 113 కిలోమీటర్లు. అక్కడ బకింగ్‌హాం కాలువ అందుకుంటే మద్రాసు దాకా నీటిబాటే. ధాన్యం, ఉప్పు, కట్టెలు నింపిన పడవలను గట్టుమీద మనుషులు తాళ్ళతో లాగేవారు. పల్నాటి మెట్టకు 1967లో సాగర్ నీళ్ళు వచ్చాయి గానీ, పడవల విద్య రాలేదు.

మా అమ్మమ్మగారి ఊరు కొమ్మమూరు కాలువ గట్టునే. మగపిల్లలు నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకునేవారు. ఆడపిల్లలం బిందెలతో రేవు మెట్లమీదే. ఒక శ్రావణమాసంలో అక్క ఈడు పిల్ల బిందె ముంచుతూ కాలుజారింది. మెట్లకి నాలుగు బారల దూరంలో మునిగిపోయింది. మర్నాటినుంచి ఆడపిల్లలెవరూ రేవుకు పోకూడదన్నారు. ఆడపిల్లలకీ ఈత నేర్పుదామని ఒక్కరూ అనలేదు.

మా పిల్లకి నేర్పుతున్నది ఆ విద్యే. ముందు ఈతకొలనులో, గురువు పక్కన నిలబడి ఉండగా, పడవ తిరగేస్తారు. నడుముకు బిగించిన గుడ్డకి ముందువైపు ఒక పట్టీ ఉంటుంది (ఆ గుడ్డ పేరు స్కర్టేనట, మగవాళ్ళకయినా!). కంగారుపడకుండా ఆ పట్టీ లాగి బయటికి జారాలి. అది వచ్చాక, కొలను అంచు పట్టుకుని నడుం విసురుతో పడవను నిలబెట్టడం. అందరూ చేసే తప్పు ఊపిరికోసం తల ముందు ఎత్తడమట. ఆ బరువుకి పడవ మళ్ళీ పడుతుంది. ముందు పడవ, తర్వాత ఒళ్ళు, ఆఖరున తల లేవాలి. అటుపైన నిలవనీటిలో సూటిగా నడపడం, ఆ తర్వాతే పారే నీరు. హెల్మెట్టూ, లైఫ్ జాకెట్టూ సరేసరి.

అలాగని మన కాలువల్లో లాకుల కిందో, డ్రాపుల కిందో నురుగు చూసి ఇదే ఆ అల అనుకునేరు! ఆ నీరు మనిషిని కిందికి లాగి, అక్కడే తిప్పుతూ ఉంచేస్తుంది. ఆటకు తగిన అలలకి రిషీకేశ్ గంగకో, కోళికోడ్ కొండవాగులకో పోవాలి. మొదటి పాఠానికి మాత్రం కొలను చాలు.

రాత్రి అక్కకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. రేవులో మునిగిన పిల్ల పేరు నేను ఎత్తలేదు. అదీ ఎత్తలేదు. చాలాసేపు మాట్లాడకుండా ఉండి, చివరికి అంది:

"ఆ లాగే పట్టీ గట్టిదేనా? సరిగ్గా కనుక్కోవే."